నవల ఆయుష్షు తేలేది పుస్తకాల షాపులోనే

1894లో లండన్‌లోని రెండు పెద్ద అద్దె లైబ్రరీలు, మ్యూడీస్, డబ్ల్యు.హెచ్. స్మిత్, ప్రచురణకర్తలకు ఒక కబురు పంపాయి. ఇకమీదట నవలకు సంపుటం ఒక్కింటికి నాలుగు షిల్లింగులకు మించి ఇవ్వబోమన్నాయి. అంతే, డెబ్బై ఏళ్లుగా మూడేసి సంపుటాలుగా వస్తున్న ఇంగ్లీషు నవల మూడు నాలుగేళ్లలో ఒక్క సంపుటానికి దిగింది. ఆ పని చేసింది ఏ సాహిత్య సిద్ధాంతమూ కాదు, ఎక్కువ కాపీలు కొనేవాడి లెక్క.

అసలు ఆ మూడు సంపుటాల పద్ధతి నిలబడిందీ లెక్క మీదే. సెట్టు ధర ముప్పై ఒకటిన్నర షిల్లింగులు. మామూలు కుటుంబాలు కొనగలిగే ధర కాదది. మ్యూడీకి ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు, చందా కడితే ఒకసారికి ఒక సంపుటం చొప్పున ఏడాదంతా చదువుకోవచ్చు. నవల మూడు ముక్కలుగా ఉంటే ఒకే కాపీని ముగ్గురు చందాదారులు ఒకేసారి ఇంటికి తీసుకెళ్తారు. అద్దెకిచ్చేవాడికి అది బేరం. రాసేవాడికి మాత్రం మూడు సంపుటాలూ నింపాల్సిన పని. ఉపకథలు, సాగదీసిన సంభాషణలు, సంపుటం చివర ఊరించే మలుపులు అన్నీ అందులోంచి వచ్చాయని అనను గానీ, ఆనాటి నవలల విస్తృతి అంటూ మనం మెచ్చుకునేదాంట్లో కొంత ఈ అద్దె వ్యాపారం చలవే. మ్యూడీ ఇంకో పని కూడా చేశాడు. కుటుంబాల్లో చదవడానికి తగదనుకున్న నవలను స్టాకులో పెట్టేవాడు కాదు. అతను పెట్టకపోతే ఆ నవల దాదాపు లేనట్టే. జార్జ్ మూర్ అనే నవలాకారుడు ఒళ్లు మండి 1885లో దీని మీద ఏకంగా ఒక కరపత్రమే వేశాడు.

సాహిత్య పరిశోధనకు ఈ చరిత్ర తెలియక కాదు. తెలిసీ దాన్ని పక్క అధ్యాయంలో పెడుతుంది. రచయిత, రచన, పాఠకుడు అనే మూడు స్తంభాల మీద విమర్శ అంతా నడుస్తుంది. రచన పాఠకుడి చేతికి ఎలా చేరిందన్నది రవాణా శాఖ విషయంగా మిగిలిపోతుంది. ఆ మధ్యలో ఉన్న మనిషి, అంటే ఈ పుస్తకం వంద కాపీలు తెప్పించాలా, రెండు చాలా, అసలు వద్దా అని తేల్చే మనిషి, సాహిత్య చరిత్రలో పాత్రధారి అని నేనంటాను. విమర్శకుడి కన్నా ముందు అతను చదువుతాడు. చదవకపోయినా నిర్ణయం మాత్రం అతనే చేస్తాడు.

ఈ సంగతిని గట్టిగా పట్టుకున్నవాడు అమెరికన్ చరిత్రకారుడు రాబర్ట్ డార్న్‌టన్. రచయిత నుంచి ప్రచురణకర్త, ముద్రాపకుడు, సరుకు చేరవేసేవాడు, అమ్మేవాడు, పాఠకుడు, మళ్లీ రచయిత దాకా తిరిగే ఒక వలయాన్ని 1982లో గీసి చూపించాడు. అంతకన్నా ఆసక్తి కలిగించేది అతను తవ్విన సామగ్రి. స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్‌లో 18వ శతాబ్దపు ప్రచురణ సంస్థ ఒకటి ఉండేది. ఫ్రాన్స్‌లో నిషేధించిన పుస్తకాలు అక్కడి నుంచి సరిహద్దు దాటేవి. ఆ సంస్థకు ఫ్రాన్స్ పట్టణాల పుస్తక వ్యాపారులు రాసిన ఉత్తరాలు, ఆర్డర్లు, బాకీల గొడవలు వేల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. వాటిని లెక్కగడితే ఫ్రెంచి విప్లవానికి ముందు జనం నిజంగా ఏం అడిగి తెప్పించుకున్నారో బయటపడింది. పైవరసలో నిలిచిన వాటిలో మెర్సియే రాసిన, క్రీ.శ. 2440లో జరిగినట్టు చెప్పే కాల్పనిక కథ ఒకటి. సాహిత్య చరిత్రలు పెద్దగా పట్టించుకోని పుస్తకం అది.

దీనికి ముందు డేనియల్ మోర్నే అనే పండితుడు ఇంకో దారిలో వెళ్లాడు. 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో వేలానికి వచ్చిన సొంత గ్రంథాలయాల కేటలాగులు సుమారు 500 పరిశీలించి 1910లో ఫలితం ప్రకటించాడు. విప్లవానికి ఊపిరి పోసిందని చెప్పే రూసో 'సామాజిక ఒప్పందం' వాటన్నిటిలో ఒక్క కాపీ కనిపించింది! అయితే ఆ కేటలాగులు డబ్బున్నవాళ్ల ఇళ్లవి, పైగా అధికారుల కన్ను పడేవి. ఏది అచ్చయింది, ఏది ఇంట్లో ఉంది, దేన్ని కావాలని అడిగారు అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మూడోదానికి జవాబు అమ్మేవాడి చిట్టాల్లోనే దొరుకుతుంది.

ఇటలీ సాహిత్య విమర్శకుడు ఫ్రాంకో మొరెట్టి 2000లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసం ఈ చర్చను నవల వైపు తిప్పింది. 19వ శతాబ్దపు బ్రిటన్‌లో వచ్చిన నవలల్లో ఇవాళ చదువుతున్నవి నూటికి ఒకటి కూడా లేవు. మిగతావి ఎక్కడికి పోయాయి? ప్రొఫెసర్లు తీసిపారేశారని అనుకోవడం తేలిక. మొరెట్టి మాటేమిటంటే, విశ్వవిద్యాలయం ఎంపిక చేసే నాటికే బజారులో ఎంపిక జరిగిపోయింది. పాఠకులు కొన్నారు కాబట్టి రీప్రింట్లు వచ్చాయి, అవి వచ్చాయి కాబట్టి తర్వాతి తరానికి పుస్తకం దొరికింది. ఇది చాలావరకు నిజం. కానీ ఇక్కడ అతను ఒక మెట్టు దాటేశాడని నాకనిపిస్తుంది. పాఠకులు వచ్చిన నవలలన్నీ చూసి ఎంచుకోలేదు. ఎవరో బల్ల మీద పెట్టినవి చూసి ఎంచుకున్నారు. బజారు అని మొరెట్టి ఒక్క మాటలో అనేసినదాంట్లో వేలమంది మనుషుల అభిరుచి, భయం, బద్ధకం, అప్పులు ఉన్నాయి.

జాన్ విలియమ్స్ నవల 'స్టోనర్' సంగతి చూడండి. 1965లో వచ్చింది. రెండు వేల కాపీలకు అటూ ఇటూగా అమ్ముడై మాయమైంది. కథానాయకుడు ఇంగ్లీషు సాహిత్యం చెప్పే అధ్యాపకుడు. తమ గురించే రాసిన నవలను సాహిత్య శాఖలు భుజాన వేసుకోవాలి కదా, అలా జరగలేదు. 2006లో అమెరికాలో ఒక చిన్న క్లాసిక్స్ సిరీస్ దాన్ని మళ్లీ వేసింది. 2011లో రచయిత్రి ఆన్నా గవాల్డా ఫ్రెంచిలోకి తెచ్చింది. 2013 నాటికి యూరప్‌లో బెస్ట్ సెల్లర్ అయింది, ఆ ఏడాది బ్రిటన్‌లో వాటర్‌స్టోన్స్ షాపులు దాన్నే ఏటి మేటి పుస్తకంగా ఎంచుకున్నాయి. దాదాపు యాభై ఏళ్ల తర్వాత! కొత్త అర్థాలేవో పుట్టి నవల లేచి కూర్చోలేదు. ఒకరు చదివి ఇంకొకరి చేతిలో పెట్టారు, షాపులు బల్ల మీద పెట్టాయి.

కొన్నిసార్లు అమ్మేవాళ్ల చెయ్యి ఏకంగా నవల పాఠం మీదే పడుతుంది. పారిస్‌లో షేక్‌స్పియర్ అండ్ కంపెనీ అనే షాపు నడిపిన సిల్వియా బీచ్ 1922 ఫిబ్రవరిలో ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ నవల 'యులిసిస్'ను 1,000 కాపీలు వేసింది. అశ్లీలమని అప్పటికే అమెరికాలో కేసు పడిన రచన అది. ఆమెకు ప్రచురణలో అనుభవం లేదు. అదే నవలకు మేలు చేసిందంటాను. జాయిస్‌కు ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు దిద్దుకోవడానికి తీసే ప్రతులు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఇచ్చింది. అతను వాటి అంచుల్లో పేరాలకు పేరాలు కలుపుతూ పోయాడు. నవలలో మూడో వంతు ప్రూఫుల మీదే రాశానని జాయిస్ తనతో అన్నట్టు ఆమె రాసుకుంది. వ్యాపారం తెలిసిన ప్రచురణకర్త ఎవరైనా రెండో ప్రూఫు దగ్గరే బిల్లు చేతిలో పెట్టేవాడు. అంటే ఇవాళ పరిశోధకులు అక్షరం అక్షరం విప్పుతున్న ఆ పాఠం ఒక షాపు యజమానురాలి ఓర్పు మీద, అప్పుల మీద తయారైంది. 1934లో అమెరికాలో చట్టబద్ధంగా వెలువడినప్పుడు ఆమెకు పైసా రాలేదు.

ఇలాంటి కథలు చెప్పుకుని స్వతంత్ర పుస్తకాల షాపు అంటే గుడి, నడిపేవాళ్లు త్యాగమూర్తులు అనే భావనలోకి జారిపోతుంటాం. పాత కాగితం వాసన, మూల కుర్చీ, కిటికీలో పిల్లి... ఈ వర్ణనలు చదివీ చదివీ నాకు విసుగొచ్చింది. జాలితో కొనే కస్టమర్ ఏ వ్యాపారాన్నీ ఎంతోకాలం నిలబెట్టడు. పైగా ఇండిపెండెంట్ షాపు కూడా ద్వారపాలకుడే. తన అభిరుచికి రాని డిటెక్టివ్ నవలను, ప్రేమకథను చిన్నచూపు చూసే యజమానులు ఎప్పుడూ ఉన్నారు. మ్యూడీ నైతికత పేరుతో చేసిన పనిని వాళ్లు స్థాయి పేరుతో చేస్తారు. తేడా ఏమిటంటే మ్యూడీ ఒక్కడు, వీళ్లు వేలమంది. ఒకరు కాదన్నది ఇంకొకరు పెడతారు. ఆ షాపుల విలువంతా నా దృష్టిలో ఈ చెదిరిన తీర్పులోనే ఉంది.

రెండో విలువ, మెల్లగా అమ్ముడయ్యే పుస్తకాన్ని అరలో ఉంచగలగడం. ఇది మంచి మనసుకు సంబంధించింది అనుకుంటారు గానీ, సరుకు మీద పెట్టుబడి ఎన్నాళ్లు ఇరుక్కుంటుందన్న విషయం. అద్దె, జీతాలు తెచ్చేవి వేగంగా పోయే కొద్ది పుస్తకాలు. వాటి మీద వచ్చిన మార్జిన్‌తోనే ఏడాదికి ఒక్క కాపీ పోయే అనువాద నవల అరలో బతుకుతుంది. బ్రిటన్‌లో 1900 నుంచి ప్రచురణకర్తలు, వ్యాపారుల మధ్య ఒక ఒప్పందం ఉండేది. అచ్చువేసిన ధరకు తక్కువగా ఎవరూ అమ్మకూడదు. 1995లో అది కూలింది, 1997లో న్యాయస్థానం చెల్లదంది. వెంటనే సూపర్ మార్కెట్లు వేగంగా పోయే పుస్తకాలను మాత్రం ఎత్తుకెళ్లి సగం ధరకు అమ్మడం మొదలుపెట్టాయి. మెల్లగా పోయేవి షాపుల పాలయ్యాయి. అప్పటికి దాదాపు 1,900 ఉన్న స్వతంత్ర షాపులు 2016 నాటికి 900 లోపుకు వచ్చాయి. అమెజాన్ మొదటి పుస్తకం అమ్మింది కూడా 1995లోనే, కాబట్టి తప్పంతా ధరల ఒప్పందం పోవడానిదే అనలేం. పాఠకుడికి లాభం జరగలేదనీ అనలేం, బెస్ట్ సెల్లర్లు చవగ్గా దొరికాయి.

ఫ్రాన్స్ ఇంకో దారి పట్టింది. 1981 చట్టం ప్రకారం కొత్త పుస్తకం మీద 5 శాతానికి మించి డిస్కౌంటు ఇవ్వకూడదు. ఆన్‌లైన్ కంపెనీలు డెలివరీ ఉచితం చేసి దాన్ని పక్కదారి పట్టిస్తే, 2023 అక్టోబర్ నుంచి 35 యూరోల లోపు ఆర్డర్‌కు కనీసం 3 యూరోల డెలివరీ ఫీజు తప్పనిసరి చేసింది. పోటీ ధర మీద కాకుండా ఎంపిక మీద జరగాలన్నది ఆ చట్టం వెనుక ఆలోచన. నేను ఈ పక్షమే. డబ్బున్న పాఠకుడికి పది శాతం మిగలడం కన్నా, చిన్న పట్టణంలో ఎవరికీ తెలియని నవల ఒకటి అరలో కనిపించడం ముఖ్యమనిపిస్తుంది. దీనికి జేబులోంచి కట్టేది పాఠకుడేనన్న మాట దాచక్కర్లేదు.

పుస్తకం అరలో ఉండే కాలాన్ని కుదించే ఇంకో సంగతి రిటర్న్స్. 1930ల మాంద్యంలో అమెరికన్ ప్రచురణకర్తలు, అమ్ముడవని కాపీలు వెనక్కి ఇవ్వొచ్చన్నారు. షాపు భయపడకుండా కొత్త రచయిత నవల తెప్పించుకోగలిగింది. తర్వాత తర్వాత అదే వెసులుబాటు నవలకు గడువు పెట్టింది. కొన్ని నెలల్లో కదలకపోతే పెట్టె కట్టి పంపేయడమే. దీనికి తోడు గొలుసు షాపుల్లో, అంటే ఒకే సంస్థ ఊరూరా నడిపే షాపుల్లో, ముందు బల్లను, కిటికీని ప్రచురణకర్తలకు డబ్బుకు ఇవ్వడం అలవాటైంది. షాపు సిఫారసు అని పాఠకుడు అనుకున్నది అద్దెకిచ్చిన జాగా అన్నమాట.

2011లో వాటర్‌స్టోన్స్ చేతికి వచ్చినప్పుడు లండన్ పుస్తక వ్యాపారి జేమ్స్ డాంట్ మొదట ఆపినవాటిలో ఈ జాగా అద్దె ఒకటి. ఏం తెప్పించాలో, ఏది ముందు పెట్టాలో ఆయా షాపుల వాళ్లకే వదిలేశాడు. రిటర్న్స్ బాగా పడిపోయాయి, సంస్థ గట్టెక్కింది. 2019 నుంచి అమెరికాలో బార్న్స్ అండ్ నోబుల్‌ను కూడా అదే పద్ధతిలో నడుపుతున్నాడు. స్వతంత్ర షాపులను మింగేసిన గొలుసు సంస్థలే చివరికి వాటిని కాపీ కొట్టి బతికాయంటే, ఆ పద్ధతిలో వ్యాపార బుద్ధి కూడా ఉందనే కదా.

ఆన్‌లైన్ అమ్మకాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఏ పుస్తకం కావాలో తెలిసినవాడికి దాన్ని మించినది లేదు. పాత ముద్రణలు వెతికే పరిశోధకులకు అది వరం. తెలియని నవల దగ్గరే అది తడబడుతుంది. ఇంతకుముందు కొన్నవాళ్లు ఏం కొన్నారన్న లెక్క మీద సిఫారసు చేస్తుంది కాబట్టి, ఇంకా ఎవరూ కొనని పుస్తకాన్ని ఎవరికి చూపించాలో దానికి తోచదు.

పరిశోధకులకు ఇంకో చిక్కుంది, షాపుల చిట్టాలు దక్కకుండా పోవడం. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సిల్వియా బీచ్ 1941లో, జర్మన్ ఆక్రమణ కాలంలో, షాపులోని సామానంతా గంటల్లో పైఅంతస్తుకు చేర్చి దాచేసింది. ఆమె పోయాక కాగితాలు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చేరాయి. పుస్తకాలు అద్దెకిచ్చిన వివరాల కార్డులు అందులో ఉన్నాయి. చందాదారులు ఐదు వేలకు పైగా ఉంటే కార్డులు మిగిలింది కొద్దిమందివే, అయినా హెమింగ్వే, గెర్‌ట్రూడ్ స్టైన్, సిమోన్ ద బోవా ఎప్పుడు ఏ నవల తీసుకెళ్లారో తేదీలతో సహా ఇవాళ ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఎవరి ప్రభావం ఎవరి మీద అన్న ఊహాగానాలకు చాలాచోట్ల ఈ కార్డులు బ్రేకు వేస్తాయి.

ఇవాళ్టి షాపులు మూతపడితే ఆర్డర్ పుస్తకాలు తూకానికి పోతాయి, కంప్యూటర్లో లెక్కలు పాత హార్డ్ డిస్కుతో పోతాయి. రచయితల రాతప్రతులు కొని దాచే విశ్వవిద్యాలయాలు షాపుల చిట్టాలను కూడా అడిగి తెచ్చుకోవాలి. షాపు మూతపడుతున్న వారంలోనే అడగాలి, తర్వాత వెళ్తే ఏమీ ఉండదు. అమ్మకాల అంకెలు ఇప్పుడు ప్రైవేటు కంపెనీల సొత్తు, డబ్బు కట్టినవాళ్లకే దక్కుతాయి. ఈ-బుక్‌లో పాఠకుడు ఏ పేజీ దగ్గర ఆగిపోయాడో కూడా అమ్మినవాడికి తెలుసు, ఆ నవల మీద థీసిస్ రాస్తున్న విద్యార్థికి ఆ వివరం అందదు.