దారి తప్పింది విద్యార్థి కాదు, టైమ్‌టేబుల్

ఇక్కడ అమెరికాలో డిగ్రీ మూడో ఏడాది చదువుతున్న మా మేనకోడలు ఈ ఉదయం వచ్చే సెమిస్టర్ కోర్సుల నమోదుకు కూర్చుని, పది నిమిషాలకే కళ్లనీళ్లు పెట్టుకుంది. తప్పనిసరి కోర్సులు రెండింటినీ మంగళ, గురువారాల్లో ఒకే వేళకు పెట్టారు. ఒక్కోదానికి ఉన్నది ఒక్కటే సెక్షన్. ఏది వదులుకున్నా అది మళ్లీ వచ్చేది ఏడాది తర్వాతే. అది పూర్తికానిదే చివరి ప్రాజెక్టు కోర్సులో చేరనివ్వరు. గంటంపావు తరగతులు రెండు ఢీకొన్నందుకు ఒక ఏడాది ఫీజు, ఒక ఏడాది వయసు పోతాయన్నమాట. మధ్యాహ్నానికి అదే కాలేజీ నుంచి ఆమెకు ఈమెయిల్ వచ్చింది: మీరు సకాలంలో పట్టభద్రులయ్యే దారిలో లేరు, కోర్సుల ఎంపికలో సలహా ఇచ్చే అడ్వైజర్‌ను కలవండి అని. నాకు ఒళ్లు మండింది ఆ వాక్యానికే.

ఎవరు ఏ కోర్సు పూర్తిచేశారో, ఎవరికి ఏది మిగిలిందో డిగ్రీ ఆడిట్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి అక్షరమూ ఉంటుంది. ఏ రెండు కోర్సులు ఒకే విద్యార్థులకు కావాలో దాన్ని అడిగితే చెబుతుంది. అటువంటి కోర్సులు ఒకే వేళకు పడకుండా చూడడం కంప్యూటర్ శాస్త్రంలో గ్రాఫ్ కలరింగ్ పేరిట దశాబ్దాలుగా పాఠంగా చెబుతున్న సమస్య. ఆ పాఠం చెప్పే కాలేజీలే నిరుటి టైమ్‌టేబుల్‌ను తెచ్చి, గదుల వీలునూ అధ్యాపకుల వీలునూ బట్టి అటూఇటూ సర్ది, ఈ ఏటికి అంటగడుతున్నాయి. సాఫ్ట్‌వేర్‌ను మాత్రం విద్యార్థిని హెచ్చరించడానికి వాడుతున్నాయి.

జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం 2012 నుంచి ఒక్కో విద్యార్థి విషయంలో చదువులో వెనకబడే ప్రమాదాన్ని చూపే 800కు పైగా సూచికలను పరిశీలిస్తోంది. అయితే అక్కడ హెచ్చరిక వెళ్లేది ముందుగా అడ్వైజర్‌కు. విద్యార్థిని పిలిచి మాట్లాడవలసిన బాధ్యత ఆయనదే. అందుకోసం అడ్వైజర్ల సంఖ్యను కూడా బాగా పెంచుకున్నారు. మనిషిని పెట్టకుండా యంత్రాన్ని మాత్రమే కొన్న చోట పిల్లలకు దక్కేది ఈమెయిళ్లే.

అసలు మొదటి రోజు నుంచే ఈ పిల్లలకు లెక్క తప్పుగా చెబుతున్నారు. సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు (ఒక్కో కోర్సుకు సాధారణంగా మూడు) తీసుకుంటే ఫెడరల్ ఆర్థిక సహాయానికి పూర్తికాల విద్యార్థి కిందే లెక్క. డిగ్రీకి సాధారణంగా కావలసినవి 120. ఎనిమిది సెమిస్టర్లూ పన్నెండేసి చదివితే వచ్చేవి 96, అంటే అదే వేగంతో మరో రెండు సెమిస్టర్లు చదవాలి. పదిహేనేసి తీసుకోమని ఇప్పుడు సలహా ఇస్తున్నారు, మంచిదే. కానీ ఆ అయిదో కోర్సు నాలుగోదానితో ఢీకొంటుంటే ఎలా తీసుకోవాలి? నాలుగేళ్ల డిగ్రీలో ఎంతమంది నెగ్గారో చెప్పే జాతీయ గణాంకాన్ని ఆరేళ్లకు కొలిచే అలవాటు ఈ దేశంలో పాతుకుపోయింది కనుక, విద్యార్థి కోల్పోయిన ఏడాది ఎవరి పద్దులోనూ నష్టంగా కనబడదు. అది కనబడేది అప్పు తీర్చే కుటుంబానికే.

ఇదే చిక్కులో ఇంకెవరున్నారని మా మేనకోడలు సాయంత్రం తన తరగతి వాట్సాప్ గ్రూపులో అడిగితే, గంటలో మరో పదకొండు మంది తేలారు. ఆ పేర్లన్నీ చేర్చి, రెండింటిలో ఒక కోర్సును సోమ, బుధవారాలకు మార్చమని విభాగాధిపతికి ఉత్తరం పంపాం.