అగ్నిదేవుడికి 36 వాకిళ్లు

శ్రీకాకుళంలో మా బావ బట్టల షాపు పెద్దది చేశాడు. కింద అమ్మకం, పైన స్టాకు. పాత గోడలు స్లాబు బరువు మోయలేవని ఇంజినీరు చెబితే ఇనప గర్డర్లు వేయించి, వాటిమీద సిమెంటు బోర్డులు పరిపించి పై అంతస్తు లేపాడు. గుమస్తాలు లెక్కలు రాసేదీ, సేల్స్ పిల్లలు మధ్యాహ్నం క్యారేజీలు విప్పేదీ ఆ పైనే.

ఇంజినీరు ఒట్టి పిరికివాడు. 550 డిగ్రీల వేడి తగిలితే ఇనుము సగం బలం వదిలేస్తుందట. కింద చీరలు అంటుకుంటే పై అంతస్తు మొత్తం బేరమాడ్డానికి కిందికి దిగొస్తుందట. అలా బెదరగొట్టి, గర్డర్ల కింద గంటసేపు మంటకు నిలిచే ఫాల్స్ సీలింగు వేయించాడు. గులాబీ రంగు కాగితం అంటించిన జిప్సం బోర్డు, రెండు పొరలు. జిప్సం బరువులో దాదాపు 21 శాతం నీళ్లేనని, మంట తగిలాక ఆ నీళ్లన్నీ ఆవిరయ్యేదాకా వేడిని బోర్డు దాటి గర్డర్ల దాకా పోనివ్వదని విడమరిచి చెప్పాడు.

"అయితే నీళ్లకి కూడా జీఎస్టీ కట్టినానా!" అని బావ నొచ్చుకున్నాడు.

సీలింగు పూర్తయిన మర్నాడే లైట్ల మిస్త్రీ వచ్చాడు. సీలింగుకి కన్నం పెట్టి అందులో దిగేసే డౌన్‌లైట్లు ఓ 36 పెడితేగానీ పొందూరు ఖద్దరు తెలుపు వేరు, మిల్లు బట్ట తెలుపు వేరని తేలదన్నాడు. ఒక్కోదానికీ మూడంగుళాల కన్నం. "కటర్ పెట్టీసినానంటే నిమిషానికోటి దిగిపోద్ది బావూ" అన్నాడు. దిగింది. గంటసేపు మంటను ఆపాల్సిన బోర్డుకి గంటలోపే 36 చిల్లులు పడ్డాయి. ఊడిపడ్డ గులాబీ బిళ్లలు నేలమీద పూతరేకుల్లా పరుచుకుంటే, పిల్లలు ఏరుకుని తొక్కుడుబిళ్ల ఆడుకున్నారు.

నేను లెక్క కట్టాను. అన్నీ కలిపితే చదరపు అడుగూ ముప్పావు దాకా వచ్చింది. పిల్లి దర్జాగా దూరిపోయే కంత. దాన్ని 36 ముక్కలు చేసి షాపంతా సమానంగా పంచాడు మిస్త్రీ. ఇంత న్యాయమైన పంపకం మా వాళ్ల ఆస్తి గొడవల్లో కూడా చూడలేదు. మంట ఏ మూల పుట్టినా దానికి దగ్గర్లో ఓ వాకిలి ఉంటుంది. పాపం, వెతుక్కునే పనిలేదు.

ఇందులో బావ తప్పేమీ లేదని మనవి చేయడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్లలో "లైట్లు ఎక్కడ కొన్నారు?" అని అడగనివాడు లేడు. "బోర్డు ఎన్ని నిమిషాలు ఆగుతుంది?" అని అడిగినవాడు ఒక్కడూ లేడు. ఊళ్లో ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు కొని దాచుకోమంటే ఏ వ్యాపారస్తుడు ఒప్పుకుంటాడు? పైగా కరెంటు బిల్లుకి జడిసి, గిరాకీ లేనప్పుడు నాలుగు లైట్లే వేస్తాడు. వెలుగుకి నాలుగు కన్నాలు చాలు. మిగతా 32 అచ్చంగా అగ్నిదేవుడి వాటా.

పక్కనే ఉన్న అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి మార్చిలో, అక్టోబరులో తన కిరణాలను పాదాల మీదికి రప్పించుకుంటాడు. వాకిట్లోంచే వస్తాయి. కప్పుకి ఒక్క చిల్లు పెట్టలేదు. ఆ కట్టినవాళ్లకి మా మిస్త్రీ దొరకలేదు.

మా అమ్మని షాపు చూడ్డానికి తీసుకెళ్లాం. చిన్నప్పుడు వాళ్లది చుట్టిల్లు. పైన గడ్డి, గడ్డి కింద మట్టి మెత్తిన అటక. ఓ ఎండాకాలం గడ్డంతా తగలబడితే అటక నిలబడిందట, దాని కింద ధాన్యం బస్తాలు నిక్షేపంగా మిగిలాయట. ఆవిడ సీలింగుకేసి చాలాసేపు చూసి, "ఇదేటర్రా, జల్లెడ బోర్లించీసినారు!" అంది. పెద్దావిడ, చాదస్తం.

ఆ జల్లెడ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. వెళ్లి ఇంజినీరుని కలిశాను. మార్గం ఉందన్నాడు. మంటకి నిలిచే లైట్లని వేరే ఉంటాయట. ఇనప ఒళ్లు, చుట్టూ వేడికి ఉబ్బి కన్నం పూడ్చే పట్టీ. అవైనా మన సీలింగు లాంటిదానికే బిగించి పరీక్ష చేసినవై ఉండాలట. గంట అనేది ఒక్క లైటుదో బోర్డుదో కాదు, బోర్డూ, దాన్ని బిగించే ఛానలూ, స్క్రూలూ, జాయింట్లూ అన్నీ కలిసి తెచ్చుకున్న మార్కులట. ఉన్న లైట్లు మార్చడం ఇష్టం లేకపోతే పైన టోపీల్లాంటివి తొడగొచ్చు. మడిచి, ఆ కన్నంలోంచే పైకి తోసే రకాలూ ఉన్నాయి, బోర్డు విప్పక్కర్లేదు. ప్లాస్టిక్ లైటు కరిగి కిందపడ్డా పైన టోపీ కాసుకుంటుంది.

ఇదంతా బావకి పూసగుచ్చినట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. గల్లాపెట్టె మీద చెయ్యి కూడా వేశాడు.

"ఈ టోపీలు కిందనించి కనబడతాయేటి బావా?"

"కనబడవు."

చెయ్యి తీసేశాడు.