బాల్కనీలోని క్రిస్మస్ చెట్టుగారికి

మహారాజశ్రీ క్రిస్మస్ చెట్టుగారి సముఖమునకు,

ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామంటే, తమరి కింది వరస కొమ్మలు చూశాక చెయ్యి ఆడటం లేదు.

పోయిన డిసెంబరులో కడియం నుంచి లారీలో మా విజయవాడ వేంచేశారు. "ఇండోర్ మొక్కేనండీ, అప్పుడప్పుడూ గ్లాసుడు నీళ్లు పోస్తే ఏడాదంతా ఉంటుంది" అన్నాడు అమ్మినాయన. ముస్తాబు పది రోజులు, చాకిరీ మిగతా 355 రోజులూ అని సంక్రాంతి దాటాక గానీ తెలియలేదు.

మంచు పడాలని మా అమ్మాయి తమరికి దూది అంటించింది. కొంత ఇంకా ఆకుల్లో ఇరుక్కునే ఉంది. తీరా ఆరా తీస్తే తమరికీ మంచుకీ ఏ చుట్టరికమూ లేదు! అసలు పైన్ చెట్టు కూడా కాదట, అరాకేరియా అనే వేరే జాతి. సొంతూరు ఆస్ట్రేలియాకు తూర్పున నార్‌ఫోక్ దీవి. అక్కడ క్రిస్మస్ వచ్చేదే ఎండాకాలంలో. ఉప్పుగాలికి జంకకుండా 60 మీటర్ల దాకా పెరిగే వంశం, దీవి జెండా మీదా తమరి బొమ్మే. అంతటి ఘనులు మా బాల్కనీలో, ఆరేసిన తువ్వాళ్ల పక్కన, బకెట్టంత కుండీలో.

మే నెల గుర్తుందా? ఎండకు మాడుతున్నారని షేడ్‌నెట్ కట్టాం. చాలక బెడ్‌రూంలోకి మారిస్తే ఏసీ గాలి పడలేదు. తమరి కోసం ఏసీ ఆపేసి, ఫ్యాను కింద చెమటలు కక్కింది మేము. వెలుతురు వైపే వాలిపోతారని వారానికోసారి కుండీ తిప్పేదీ నేనే. మట్టిలో వేలు పెట్టి, పైన అంగుళం ఆరితేనే నీళ్లు పోయాలి. మా అత్తగారు మాత్రం కనబడినప్పుడల్లా "పాపం నోరులేని జీవం" అంటూ చెంబెడు పోస్తారు. అడుగు పళ్లెంలో మిగిలింది దోమలకు.

మొత్తానికి కింది రెండు వరసలూ ఎండి రాలాయి. అక్కడ మళ్లీ కొమ్మ రాదట. ఇప్పుడు తమరు వరద నీళ్లలో పంచె ఎగ్గట్టుకున్న పెద్దమనిషిలా ఉన్నారు. పక్క ఫ్లాట్ వాళ్ల ప్లాస్టిక్ చెట్టేమో అటక మీద అట్టపెట్టెలో హాయిగా పడుకుంది.

మళ్లీ నవంబరు వచ్చింది. నడినెత్తిన లేత చిగురు వేశారు. అది విరిగితే ఇక తిన్నగా ఎదగరు. మా అమ్మాయికి నక్షత్రం సరిగ్గా అక్కడే కావాలి. కిటికీ ఊచకు కడదామని ఒప్పించేసరికి, బదులుగా కొత్త సీరియల్ లైట్లు అడిగింది. ఆ ఖర్చు తమరి ఖాతాలోనే రాశాను.

ఇట్లు,
తమరి కుండీ తిప్పే మనిషి