డూప్లికేట్ పార్ట్ గారికి ఒక పాత లారీ ఓనర్ రాయు లేఖ

మహారాజశ్రీ డూప్లికేట్ స్పేర్ పార్ట్ గారికి, ఉరఫ్ ‘సేమ్ టు సేమ్’ గారికి, ఉరఫ్ ‘కంపెనీదే సార్, పెట్టె మాత్రమే వేరు’ గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమనే అనుకుంటున్నా, ఎందుకంటే మీకెప్పుడూ ఏం కాదు, అయ్యేదంతా బండికే.

ముందు మీ పెట్టె గురించి రెండు మంచి మాటలు చెప్పాలండీ. ఎంత బాగుంటుందో. హోలోగ్రామ్ అసలు కంపెనీ దానికంటే ఎక్కువ మెరుస్తుంది, ‘జెన్యూన్’ అన్న మాట నాలుగు వైపులా ఉంటుంది, అందులో ఒక వైపు స్పెల్లింగ్ తప్పు కూడా ఉంటుంది. అసలు పార్టుకి పాపం తన గురించి అంత చెప్పుకునే అలవాటు లేదు, దాని పెట్టె మీద నంబరు, బ్యాచ్, తయారైన తేదీ, అంతే. మీరు తేదీ ఒక్కటి వదిలేసి మిగతావన్నీ రాస్తారు. పైన పటారం లోన లొటారం అని పెద్దవాళ్ళు ఎవర్ని చూసి అన్నారో గానీ మీకు కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.

మీకు పాత బండ్లంటే ఎందుకంత ప్రేమో నాకు తెలుసు. కొత్త బండి వారంటీలో ఉన్నన్నాళ్ళూ కంపెనీ వర్క్‌షాప్ గుమ్మం దగ్గర మీకు పెద్దగా పనుండదు. బండికి వయసొచ్చాక కంపెనీ వాడు కొన్ని పార్టులు చెయ్యడం ఆపేస్తాడు, కొన్నిటికి పాత నంబర్ తీసేసి కొత్త నంబర్ ఇస్తాడు, మళ్ళీ దాని మీద ఇంకో నంబర్, ఓనర్ ఏమో పాత నంబర్ పట్టుకుని అడుగుతాడు, కౌంటర్లో కుర్రాడు ‘ఆ నంబర్ రావట్లేదు సార్’ అంటాడు, అనడం పూర్తయ్యేలోపే మీరు కౌంటర్ మీద ప్రత్యక్షం. నంబర్ రాకపోవడం వేరు, పార్టు రాకపోవడం వేరు అని ఎవరూ అడగరు. పాత నంబర్ ఏ కొత్త నంబర్‌గా మారిందో కంపెనీ క్యాటలాగులో వరసగా ఉంటుంది, ఒక్కసారి చూస్తే సగం సార్లు మీ అవసరమే రాదు. పైగా ఇప్పటి బండ్ల ఛాసిస్ నంబర్‌లో అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉంటాయి, బాగా పాత వాటికి అన్ని ఉండవు, కంప్యూటర్ తీసుకోదు, అప్పుడిక ‘ఏ మోడల్ సార్, సుమారుగా చెప్పండి’ అని మొదలవుతుంది. ఆ సుమారు దగ్గరే మీ వ్యాపారమంతా ఉంది. ఒకే మోడల్, ఒకే సంవత్సరం బండ్లలో కూడా రెండు రకాల యాక్సిల్ ఉండొచ్చు, అందుకే విప్పిన పాత పార్టు పారెయ్యకుండా కౌంటర్ మీద మీ పక్కన పెట్టి వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలిచే ఓనర్లంటే మీకు పడదు. మొన్నొకాయన అలా కొలుస్తుంటే మీ తరఫు మనిషి ‘బిగిస్తే అదే సర్దుకుంటది’ అన్నాడు. బేరింగ్ సర్దుకోవడమేంటండీ, అదేమన్నా ఉమ్మడి కుటుంబమా.

సరే, బ్రేక్ లైనింగ్ దగ్గరికొద్దాం, అదే, బ్రేక్ వేస్తే డ్రమ్ముకి ఒరుసుకుని బండిని ఆపే పట్టీ, ఇక్కడ మీతో కొంచెం పేచీ ఉంది. లైనింగ్ అంచు మీద ఎఫ్‌ఎఫ్ అనో జీజీ అనో రెండక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు ఎంతో చెప్తుంది, రెండోది బాగా కాలినప్పుడు పట్టు ఎంతో. ‘ఈ’ అంటే 0.25 నుంచి 0.35 వరకు, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జీ’ అంటే 0.45 నుంచి 0.55. అంతేనండీ, అవి ఘర్షణ లెక్కలు, అంకె పెరిగితే పట్టు పెరిగినట్టు. మీ వాళ్ళు మాత్రం జీజీ అంటే ఫస్ట్ క్లాస్, ఎఫ్‌ఎఫ్ అంటే సెకండ్ క్లాస్ అని పరీక్ష మార్కుల్లా చెప్తారు. ఆ అక్షరాలకీ లైనింగ్ ఎన్నాళ్ళు వస్తుందనేదానికీ సంబంధం లేదు, ఒక చక్రానికి ఒక రకం రెండో చక్రానికి ఇంకో రకం వేస్తే బండి పక్కకి లాగుతుందన్నది మాత్రం ఖాయం. అయినా అక్షరాలు అచ్చెయ్యడానికి మీకు ల్యాబ్ ఎందుకు, స్టాంపు చాలు కదా. యూరప్‌లో ఆర్90 అని ఒక రూల్ ఉంది, బయట అమ్మే లైనింగ్‌ని అసలు దానితో పోల్చి టెస్ట్ చేశాకే ముద్ర వెయ్యాలంటుంది. మీరు ఆ ముద్ర కూడా నేర్చుకునే ఉంటారు, చదువు మీద మీకు శ్రద్ధ ఎక్కువ. లోపలి సరుకు సంగతేంటంటే, పీచు, లోహపు పొడి కలిపి రెసిన్‌తో పట్టించి ఉడికించిన ముద్ద అది, రెసిన్ నాసిరకమైతే ఫుల్ లోడ్‌తో ఘాట్ దిగేటప్పుడు వేడికి అదే కరిగి పైకొచ్చి అద్దంలా నున్నగా అయిపోతుంది, డ్రైవర్ పెడల్ తొక్కుతూనే ఉంటాడు, బండి తన పని తను చేసుకుపోతుంది. ఆ ఘాట్ కింద మలుపులో ఎవరెవరు నడుస్తున్నారో మీకు తెలీదు, మిమ్మల్ని అమ్మినవాడికీ తెలీదు. కొన్ని చోట్ల మీరు ఇంకా ఆస్‌బెస్టాస్ కలుపుతారు, అది క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మొదటి గ్రూపులోనే పెట్టింది, కానీ డ్రమ్ విప్పి ఎయిర్ గొట్టంతో దుమ్ము ఊదే కుర్రాడికి ఆ సంగతి పెట్టె మీద రాయరు. జెన్యూన్ అని రాస్తే చాలుగా.

మీ బోల్టుల గురించి రాయకపోతే పాపం తగుల్తుంది. బోల్టు తల మీద 10.9 అని ఉంటే, మొదటి అంకెని వందతో గుణిస్తే 1000 మెగాపాస్కల్ లాగుడు దాకా తెగదని, అందులో 90 శాతం దాకా సాగి అలాగే ఉండిపోదని లెక్క. మీ బోల్టు నుదుటి రాత కూడా 10.9 అనే ఉంటుంది, కర్మ మాత్రం వేరేగా ఉంటుంది. కమాను కట్టని, అంటే బండి కింది స్ప్రింగు పట్టీల్ని, పట్టుకునే యూ బోల్టు బిగిస్తుంటే రెంచికి హాయిగా, మెత్తగా తిరుగుతూ పోతుంది చూడండి, బిగిసిందని మనం అనుకుంటాం, అది సాగుతోంది.

బేరింగ్ విషయంలో మీ కళ నిజంగా గొప్పది. వాడి పారేసిన దాన్ని పాలిష్ పట్టి, పేరు లేజర్‌తో చెక్కి, కొత్త కవర్లో పెట్టి, గ్రీజు కొంచెం రాసి... కంటికి తేడా తెలీదు. ఎందుకంటే బేరింగ్ బలం మెరుపులో ఉండదు, ఉక్కుని ఎలా కాల్చి చల్లార్చారన్నదాంట్లో ఉంటుంది, అది కౌంటర్ మీద కనపడదు. మంచి రోలర్ బేరింగ్ అయినా లోడ్ 10 శాతం పెరిగితే ఆయుష్షు పావు వంతు పైనే తగ్గుతుంది, రెట్టింపైతే పదో వంతుకి పడిపోతుంది, అసలుదానికే ఇదీ పరిస్థితి, ఇక మీ ఆయుష్షుకి లెక్క కట్టడం లెక్కల మాస్టార్లకి అవమానం. బేరింగులు చేసే ఎస్‌కేఎఫ్ కంపెనీ వాళ్ళు ఫోన్ యాప్‌లో ఫోటోలు పంపితే అసలో నకిలీయో చూసి చెప్పే ఏర్పాటు పెట్టారు, అప్పట్నుంచీ మీరు ఫోటోలకి కొంచెం సిగ్గుపడుతున్నారట.

ఇక రబ్బరు. మీ దృష్టిలో నల్లగా ఉన్నదంతా రబ్బరే. ఇంజన్ ఆయిల్ తగిలే సీలుకి నైట్రైల్ అనే రబ్బరు కావాలి, బ్రేక్ ఫ్లూయిడ్ తగిలే రబ్బరు కప్పుకి ఈపీడీఎం అనే ఇంకో రకం కావాలి, ఒకదాని చోట ఇంకోటి వేస్తే ఉబ్బిపోయి ఇరుక్కుంటుంది. ఇదంతా ఎవరు చూస్తారండీ, సైజు సరిపోయింది కదా. ఆయిల్ ఫిల్టర్‌లో కూడా అంతే, డబ్బా బయట నుంచి అన్నీ ఒకటే, కోసి చూస్తే లోపల కాగితం మడతలు సగమే ఉంటాయి, ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ని పక్కదారిన పంపే బైపాస్ వాల్వ్ స్ప్రింగు వదులుగా ఉండి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అంటే ఆయిల్ వడపోత లేకుండానే క్రాంక్ బేరింగుల దగ్గరికి టూర్ వెళ్ళొస్తుంది. డీజిల్ పంపులో డీజిల్‌ని నెట్టే ప్లంజర్‌కీ, అది కదిలే బ్యారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, తల వెంట్రుక మందం దాదాపు 70. ఆ సందులోకి మీ డీజిల్ ఫిల్టర్ ఏం పంపిస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

ఒక విషయంలో మాత్రం నిజాయితీగా ఉండాలి. కంపెనీ పెట్టె లేని ప్రతిదీ మీరు కాదు. లారీ కంపెనీలు అన్నీ సొంతంగా చెయ్యవు, క్లచ్చు ఒకడి దగ్గర, బేరింగ్ ఒకడి దగ్గర, ఫిల్టర్ ఇంకొకడి దగ్గర కొంటాయి, ఆ చేసేవాడే అదే సరుకుని సొంత పేరుతో సొంత పెట్టెలో తక్కువకి అమ్ముతాడు, దర్జాగా పేరు వేసుకుని. కొన్నిసార్లు బయటి పార్టే అసలు దానికంటే మేలు, నీళ్ళు నెట్టే ఇంపెల్లర్ ప్లాస్టిక్‌ది ఉన్న వాటర్ పంపు బదులు ఇనుప ఇంపెల్లర్‌ది, గ్రీజు ఎక్కించే నిపుల్ లేని జాయింటు బదులు నిపుల్ ఉన్నది. అలాగే కంపెనీ పెట్టే కదా అని పదేళ్ళు గోడౌన్లో ఎండిన రబ్బరు హోస్ కొంటే అదీ దండగే, తేదీ చూడాలి. మీ పాపం ఏంటంటే ఆ మంచి బయటి పార్టుల గుంపులో దూరి, వాళ్ళ పరువు మీ మొహానికి పూసుకుంటారు. ఓనరు ఒకసారి మీ చేతిలో దెబ్బ తిన్నాక అందర్నీ ఒకే గాటన కడతాడు, నష్టం వాళ్ళకి.

మిమ్మల్ని పూర్తిగా బహిష్కరించే ఉద్దేశం కూడా లేదు లెండి. మడ్ ఫ్లాప్ మీరే తీసుకోండి. అద్దం వెనకాల ప్లాస్టిక్ కవర్, క్యాబిన్లో యాష్‌ట్రే మూత, గ్లవ్ బాక్స్ తలుపు, అన్నీ మీవే, విరిగితే ఎవరి ప్రాణమూ పోదు, రెండు స్క్రూలు తీస్తే అయిపోతుంది. కానీ ఆపేది, తిప్పేది, తిరిగేది, ఆయిల్ పోసేది, వీటి జోలికి రావద్దు. గేర్‌బాక్స్ దించితే గానీ చెయ్యి అందని క్లచ్ రిలీజ్ బేరింగ్ దగ్గర మీరు ‘పొదుపు’ అని కన్ను కొడతారు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. పార్టు చిన్నదే, దాని కోసం మళ్ళీ గేర్‌బాక్స్ దించాలి, మళ్ళీ కూలీ, మళ్ళీ లోడ్ ఇంకో బండికి మార్చాలి, లోడ్ వాడి తిట్లు ఉచితం. మేస్త్రి గారు మాత్రం ‘నేను ముందే చెప్పా కదా సార్’ అంటాడు, ముందు మిమ్మల్ని చేతికిచ్చింది ఆయనే.

ఇకనుంచి మీ తరఫున ఎవరొచ్చినా నేను అడిగేది ఒక్కటే, బిల్లు మీద బ్రాండ్ పేరు, పార్ట్ నంబరు రాసి షాపు ముద్ర కొట్టమంటా. మీకు పెట్టె మీద రాయడం ఎంత బాగా వచ్చో బిల్లు మీద రాయడం అంత కష్టమని విన్నా, వినడమేంటి, ‘బిల్లు ఎందుకు సార్ మనలో మనకి’ అన్న మాట మీ వాళ్ళ నోట చాలాసార్లు చెవినపడింది.

ఇట్లు,
మీ పాత కస్టమరు, పాత లారీ ఓనరు

తా.క.: మీ పెట్టెలో వారంటీ కార్డు మొత్తం చదివాను, భూతద్దం పెట్టుకుని. అరుగుదలకి వర్తించదు, లోడుకి వర్తించదు, వేడికి వర్తించదు, బిగించిన పార్టుకి అసలే వర్తించదట. అంటే పెట్టెలోంచి తియ్యకుండా షోకేసులో పెట్టుకుంటే మాత్రం పూర్తి గ్యారంటీ అన్నమాట, ఆ ఒక్క విషయంలో మీ మాట నమ్ముతున్నా.