ఇంట్లో ఎందరుండాలో తేల్చాల్సింది బంధుత్వం కాదు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో బౌల్డర్ అనే యూనివర్సిటీ టౌన్ ఉంది. అక్కడ నాలుగు బెడ్‌రూముల ఇంటిని నలుగురు స్నేహితులు కలిసి అద్దెకు తీసుకుంటే, 2023 దాకా చాలా ప్రాంతాల్లో అది నిబంధనల ఉల్లంఘనే. బంధుత్వం లేనివాళ్లు ముగ్గురికి మించి ఒకే ఇంట్లో ఉండకూడదు. నాలుగో గది ఖాళీగా పడి ఉన్నా సరే. అదే ఇంట్లో భార్యాభర్తలు, ఐదుగురు పిల్లలు, తాతయ్య, నాయనమ్మ ఉంటే ఎవరూ ఏమీ అడగరు. దగ్గర్లోని ఫోర్ట్ కాలిన్స్‌లో ఇలాంటి నిబంధనకే ‘యూ ప్లస్ టూ’ అని పేరు. అంటే నువ్వు, నీతో మరో ఇద్దరు.

ఏ స్థలంలో ఏం కట్టాలో చెప్పే జోనింగ్ నిబంధనలు ఇంటి గడప దాటి, లోపల ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగేదాకా వచ్చాయి. దీనికి సుప్రీంకోర్టు ఆమోదం 1974లో దొరికింది. న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్‌లో బెల్ టెర్ అని ఓ చిన్న గ్రామం. అప్పటికి సుమారు 220 ఇళ్లు, 700 మంది జనం. రక్తసంబంధం, పెళ్లి, దత్తత ఏదీ లేనివాళ్లు ఇద్దరి కంటే ఎక్కువ మంది ఒక ఇంట్లో ఉండరాదని ఆ గ్రామం నిబంధన పెట్టుకుంది. దగ్గర్లోని స్టోనీ బ్రూక్ యూనివర్సిటీ విద్యార్థులు ఆరుగురు అక్కడ ఒక ఇంట్లో దిగారు. గొడవ ముదిరి సుప్రీంకోర్టుకు చేరింది. విశాలమైన ఆవరణలు, తక్కువ జనం, తక్కువ వాహనాలతో ప్రశాంతంగా ఉండాలని ఊరు కోరుకోవడంలో తప్పులేదని జస్టిస్ విలియం డగ్లస్ తీర్పు రాశారు. జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ ఒప్పుకోలేదు. ఈ నిబంధన ప్రకారం చిన్న ఇంట్లో డజను మంది బంధువులు ఉండొచ్చు, పక్కనే ఉన్న పెద్ద భవంతిలో మాత్రం రిటైరైన ముగ్గురు వృద్ధులు కలిసి ఉండకూడదు, ఇదేం లెక్క అని అడిగారు. యాభై ఏళ్లు దాటినా ఆ ప్రశ్నకు సరైన జవాబు ఎవరూ ఇవ్వలేదనే నా అభిప్రాయం.

మూడేళ్ల తర్వాత, 1977లో వచ్చిన కేసు తెలుగువాళ్ల మనసుకు ఇంకా దగ్గరగా ఉంటుంది. ఒహాయోలోని ఈస్ట్ క్లీవ్‌లాండ్‌లో ఐనెజ్ మూర్ అనే పెద్దావిడ తన కొడుకుతో, ఇద్దరు మనవళ్లతో ఉంటోంది. మనవళ్లలో ఒకడు ఆ కొడుకు బిడ్డ, రెండోవాడు వేరే కొడుకు బిడ్డ. తల్లి చనిపోతే ఆ పిల్లాణ్ణి నాయనమ్మ చేరదీసింది. వేర్వేరు కొడుకుల పిల్లలు ఇలా ఒకే ఇంట్లో ఉండటం నగర నిబంధనల లెక్కలో కుటుంబం కిందికి రాలేదు. కోర్టు ఆమెకు ఐదు రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా వేసింది. సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఆమెను గట్టెక్కించింది. కానీ ఆ ఊరట బంధువుల వరకే. స్నేహితులకు బెల్ టెర్ తీర్పే ఇప్పటికీ దిక్కు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు మాత్రం 1980లో శాంటా బార్బరా కేసులో తమ రాష్ట్ర రాజ్యాంగం ఆధారంగా వేరే దారి పట్టింది. ఇంటిని ఎలా వాడుతున్నారో చూడండి గానీ, వాడేవాళ్లు ఎవరో ఆరా తీయకండి అన్నది ఆ తీర్పు సారం.

ఈ నిబంధనల వేడి మన పిల్లలకూ తగులుతుంది. ఎం.ఎస్. చదవడానికి వెళ్లిన తెలుగు విద్యార్థి అప్పు చేసి వెళ్తాడు, అద్దె పంచుకోకపోతే నెల గడవదు. ఇంటికి ముగ్గురనే చోట ఐదుగురు ఉంటే, లీజులో పేరున్నది ముగ్గురికే. మిగతా ఇద్దరూ కాగితాల మీద లేనట్టే. డిపాజిట్ వెనక్కి రాకపోతే గట్టిగా అడగడానికి వాళ్ల చేతిలో ఆధారం ఉండదు. హీటర్ పాడైనా, స్మోక్ అలారం పనిచేయకపోయినా నగర అధికారులకు ఫిర్యాదు చేయడానికి భయం. ఇన్‌స్పెక్టర్ వస్తే ముందు బయటపడేది తామే కదా! దానికి తోడు వీసాకు ఏమైనా అవుతుందేమోనన్న టెన్షన్. జనం భద్రత కోసమని చెప్పే నిబంధన, ప్రమాదం గురించి నోరెత్తనివ్వకుండా చేస్తోంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇరుగుపొరుగువాళ్ల బాధ కూడా నిజమే, తీసిపారేయకూడదు. అర్ధరాత్రి పార్టీలు, గడ్డి మీద నిలిపిన కార్లు, తీయని చెత్త డబ్బాలు నిత్యం చూసేవాళ్లకు విసుగు రాకుండా ఎలా ఉంటుంది? టెక్సాస్‌లోని కాలేజ్ స్టేషన్ అనే యూనివర్సిటీ టౌన్‌లో గదుల లెక్కన విద్యార్థులకు అద్దెకివ్వడానికే కట్టే ఇళ్లను ‘ఆగ్ ష్యాక్’ అంటారు. అవి పెరిగేకొద్దీ పాత కాలనీల్లో ఆందోళన పెరిగింది. దాంతో కాలనీలు కోరుకుంటే ఇంటికి బంధుత్వం లేనివాళ్లు ఇద్దరే అనే పరిమితి పెట్టుకునే వీలును నగరం 2021లో కల్పించింది. అయితే శబ్దానికి శబ్ద నిబంధనలున్నాయి, కార్లకు పార్కింగ్ నిబంధనలున్నాయి. ఇల్లు హాస్టల్‌లా మారుతోందంటే కట్టేటప్పుడే గదుల సంఖ్య మీద, ఆవరణ మీద షరతు పెట్టొచ్చు. గొడవ చేసినవాణ్ణి వదిలేసి, నిశ్శబ్దంగా నర్సు ఉద్యోగం చేసుకునే నలుగురు అమ్మాయిలను ఖాళీ చేయించడం న్యాయమా?

ఒక ఇంట్లో ఎందరుండొచ్చో తేల్చడానికి కొలతలు ఎప్పటినుంచో ఉన్నాయి. అమెరికాలో అనేక నగరాలు పాటించే ప్రాపర్టీ మెయింటెనెన్స్ కోడ్ ప్రకారం బెడ్‌రూమ్ కనీసం 70 చదరపు అడుగులుండాలి, ఒకరి కంటే ఎక్కువ మంది పడుకుంటే తలా 50 చదరపు అడుగులు. అన్నదమ్ములకూ రూమ్‌మేట్లకూ ఒకటే లెక్క. మంటలు అంటుకుంటే పొగ బంధుత్వం చూసి ఆగదు కాబట్టి, ఇరుకుకు హద్దు ఇలాగే పెట్టాలి.

రాష్ట్రాలు నెమ్మదిగా ఈ దారికే వస్తున్నాయి. అయోవా 2017లో, ఒరెగాన్, వాషింగ్టన్ 2021లో బంధుత్వాన్ని బట్టి పరిమితి పెట్టే అధికారాన్ని నగరాల నుంచి తీసేశాయి. బౌల్డర్‌లో దీన్ని మార్చాలన్న ప్రతిపాదన 2021లో ప్రజల ఓటింగ్‌లో ఓడిపోయింది. 2023లో నగర కౌన్సిలే పరిమితిని ఐదుకు పెంచింది. 2024లో కొలరాడో రాష్ట్రమే చట్టం చేయడంతో ‘యూ ప్లస్ టూ’ కూడా పోయింది. ఆరోగ్యం, అగ్నిప్రమాదాల భద్రత కోసం పెట్టే పరిమితులకు ఆ చట్టం అడ్డు రాదు. అంటే పక్కింటివాళ్ల రక్షణ ఏమీ తగ్గలేదు.

ఇక్కడ ఒక మాట మనం మనల్నీ అడగాలి. డల్లాస్‌లో ఉన్న కొడుక్కి ఇల్లు దొరకలేదని బాధపడే తల్లిదండ్రులు, హైదరాబాద్‌లో తమ అపార్ట్‌మెంట్‌కు ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ బోర్డు పెట్టాలంటే చేయెత్తుతున్నారు. మన దగ్గర అది ప్రభుత్వ జోనింగ్ కాదు, అసోసియేషన్ పట్టుదల. శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికి వచ్చిన కుర్రాడికి ఆ తేడాతో ఒరిగేదేమీ లేదు.

బంధుత్వాన్ని బట్టి పరిమితి పెట్టకూడదంటూ టెక్సాస్ కూడా 2025లో చట్టం చేసింది గానీ, అది పెద్ద యూనివర్సిటీలున్న, మరీ పెద్దవి కాని నగరాలకే వర్తిస్తుంది. మిగతాచోట్ల పరిమితులు పెట్టే వీలు అలాగే ఉంది. క్యాంపస్ పక్కన ఉన్న ఇంటికి ఒక న్యాయం, ఉద్యోగం దొరికాక మారిన ఊళ్లోని ఇంటికి ఇంకో న్యాయం ఎందుకుండాలి? ఆ రాష్ట్ర శాసనసభ తదుపరి సాధారణ సమావేశాలు 2027 జనవరిలో. అక్కడ ఓటున్న తెలుగువాళ్లు తమ ప్రతినిధులను కలిసి, ఈ చట్టాన్ని రాష్ట్రమంతటికీ విస్తరించాలని అడగాలి.