ఇస్త్రీ స్త్రీ నుంచి పుట్టిందట

ఈ నెలలో ఇది మూడో పెండ్లి. మూడింట్లోనూ ఆయనే దొరికాడు. పేరు చెప్పను, చెప్పనక్కర్లేదు కూడా. మీ చుట్టాల్లోనూ అలాంటి ఆయన ఒకరుంటారు. రిటైరయ్యాక కొందరికి షుగర్ వస్తుంది, కొందరికి మోకాళ్ల నొప్పులు వస్తాయి. ఈయనకు వ్యుత్పత్తి వచ్చింది. ఏ మాట కనబడినా రెండు ముక్కలు చేసి, ముక్కముక్కకూ సంస్కృతం అంటిస్తే గానీ అన్నం సహించదు.

మొన్న నల్లగొండలో ఫంక్షన్ హాల్లో, రెండో బంతి కోసం తింటున్నవాళ్ల కుర్చీల వెనక నిలబడి ఉన్నాం. ఆయన నా చొక్కా మడతలు చూసి మొదలుపెట్టాడు. "ఇస్త్రీ అనే మాట ఎట్లా వచ్చిందో తెలుసా? స్త్రీ చేసే పని గనుక ఇస్త్రీ." మా వీధిలో ఇస్త్రీ బండి నడిపేది బుర్ర మీసాల మగమనిషి అన్నాను. "అది కలికాలం" అన్నాడు. పోర్చుగీసులో సాగదీయడాన్ని ఎస్తిరార్ అంటారు, మాట అక్కడిది అంటే, వాళ్లకు మనమే నేర్పి ఉంటామన్నాడు. సాగదీయడం అంటే ఏమిటో నాకు అప్పుడు బాగా అర్థమైంది.

బంతి లేవలేదు. ఆయన ఆగలేదు. సభ్యుణ్ణి చేసేది గనుక సబ్బు. మార్చిన బట్టలు పెడతాం గనుక అల్మారా (అదీ పోర్చుగీసు ఓడ దిగిందే, నేను నోరెత్తలేదు). ఛాయలో కూర్చుని తాగుతాం గనుక చాయ్. చీనావాళ్ల 'చా' నేలదారిన పర్షియా మీదుగా నడిచొచ్చి చాయ్ అయింది, ఫుజియాన్ రేవులో ఓడెక్కిన 'తె' యూరప్ చేరి టీ అయింది. అంత దూరం తిరిగొచ్చిన పాపానికి దాన్ని మామిడిచెట్టు కింద కూర్చోబెట్టాడు. టీ పెడతాం గనుక టీపాయ్ అన్నప్పుడు మాత్రం ఆగలేకపోయాను. అది హిందుస్తానీ తిపాయి, మూడు కాళ్లది, టీతో సంబంధం లేదన్నాను. ఆయన పక్కనున్న టీపాయ్ కిందికి వంగి కాళ్లు లెక్కపెట్టాడు. నాలుగు. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను జాలిగా చూశారు.

మహబూబ్‌నగర్ అంటే మహా భూప నగరమట. పాలమూరుకు 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టారు. నిజాం కూడా భూపుడే కాబట్టి ఇక్కడ సగం మార్కులు వేశాను.

తెలుగు సంస్కృతం కడుపున పుట్టలేదనీ, తమిళ కన్నడాలకు తోబుట్టువనీ మద్రాసులో ఎల్లిస్ దొర 1816లోనే చూపించాడు. కబురు ఇంకా మా చుట్టాల దాకా రాలేదు. కబురు కూడా అరబ్బీదే, క్షమించాలి. "ప్రపంచానికి మాటలిచ్చింది మనమే" అని ఆయన ఛాతీ విరిస్తే, ఒకటి మాత్రం ఖాయంగా ఇచ్చామన్నాను: పందికొక్కు. ఇంగ్లీషువాళ్లు బ్యాండికూట్ అని తీసుకుపోయి ఆస్ట్రేలియాలో ఇంకో జంతువుకు కూడా తగిలించారు. ఆయనకు ఎందుకో నచ్చలేదు.

ఇంతవరకూ నవ్వుకుందాం. అప్పుడే మా మేనత్త వచ్చింది, పాలమూరు నుంచి. "దవాఖానకు పోయొచ్చేసరికి ఆలస్యమైంది బిడ్డా" అంది. ఆయన వెంటనే, "దవాఖాన అనొద్దమ్మా, అది ఉర్దూ. తెలుగులో ఆస్పత్రి అనాలె." అత్త కొంగు సర్దుకుని తల దించుకుంది.

ఆస్పత్రి ఏ తెలుగయ్యా? హాస్పిటల్‌కు అంగి తొడిగితే ఆస్పత్రి. ఇంగ్లీషు మాటేమో ఇంటి బిడ్డ, అరబ్బీ దవా, పార్సీ ఖానా కలిస్తే పరాయిదా? రైతు అరబ్బీ. జిల్లా అరబ్బీ. జవాబు అరబ్బీ. వాటిని ఎవడూ వెళ్లగొట్టడు. బడి పుస్తకంలో ఉంటే తెలుగు, పాలమూరు ముసలమ్మ నోట్లో ఉంటే ఉర్దూ! ఆమె ఇరవై ఏళ్లు మేస్త్రీ వెంట ఊరుగాని ఊళ్లకు పోయి, ప్రాజెక్టుల కట్టలకు మన్ను మోసింది. మేస్త్రీ అంటే పోర్చుగీసు మెస్త్రె, పెద్ద, గురువు. ఆ గురువు ఇచ్చిన అడ్వాన్సు తీరక మా అత్త నడుము వంగిపోయింది. దాన్ని ముక్కలు చేసి అర్థం చెప్పమనండి. ఆమె నోట్లో మాట దిద్దే హక్కు ఈయనకు ఎవడిచ్చాడు? నోర్ముయ్ అనబోయాను. పెండ్లి కదా, మింగాను.

బంతి లేచింది. అందరికంటే ముందు కుర్చీ ఆయనకే దొరికింది. అత్త నా పక్కన కూర్చుని, పప్పు కలుపుకుంటూ, ఎదుటి వరసలో ఉన్న ఆయనకు వినబడేలా అడిగింది:

"అట్లయితే అన్నా, ఆస్పత్రిల సూది ఏస్తే నొయ్యదా?"