అకౌంట్స్ టేబుల్ మీది లేజర్ ప్రింటర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ లేజర్ ప్రింటర్ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ యావన్మందీ క్షేమమే, ప్రింట్లు మాత్రం రావడం లేదు.

తమరు వచ్చిన అట్టపెట్టె మీద నిమిషానికి ఎన్ని పేజీలో పెద్దక్షరాల్లో వేశారు. తమకు ఏ భాష వచ్చో ఎక్కడా వేయలేదు. వేస్తే ఎవరు కొంటారు? ప్రింటర్లకు పేజీ ఎలా వేయాలో చెప్పే భాషలు పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్; తమకు రెండూ రావు. పేజీ మొత్తాన్నీ కంప్యూటరే చుక్కలుగా మార్చి, కంపెనీ సొంత కోడ్‌లో చుట్టి యూఎస్‌బీ తీగలో పంపితే తమరు అచ్చు గుద్దుతారు. హోస్ట్ బేస్డ్ అంటే ఇదే. ఊరూరా కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900 తమ వంశంవారే. అందులో 1020 గారికైతే స్విచ్ వేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్‌ని, అంటే లోపల నడిచే ప్రోగ్రామ్‌ని, కంప్యూటరే మళ్లీ ఎక్కించాలి. ఒక్క విండోస్ పీసీ, ఒక్క టేబుల్ ఉన్నచోట మాత్రం వీరిని వంక పెట్టలేం. 1020లోని 12ఏ కార్ట్రిడ్జికి సందుసందునా రీఫిల్ దొరుకుతుంది, చాకిరీ ఏళ్ల తరబడి చేస్తారు.

ఇక్కడ ట్యాలీ విండోస్‌లో ఉంది, డిజైన్ మ్యాక్‌లో, కోడ్ రాసేవాళ్లు ఉబుంటులో. తమరిని అకౌంట్స్ పీసీకి తగిలించి ‘షేర్’ చేశారు కాబట్టి అకౌంటెంట్ గారు సెలవు పెడితే తమకూ సెలవే. ఆ పీసీ ఆన్‌లో ఉన్నా మ్యాక్ నుంచి పంపే పనిని తమ కోడ్‌లో చుట్టే డ్రైవర్ మ్యాక్‌లోనే ఉండాలి. ఓఎస్ మారి పాత డ్రైవర్ పడుకుంటే లేపే దిక్కు లేదు. 2021లో విండోస్ ప్రింటింగ్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే భద్రతా లోపం బయటపడ్డాక మైక్రోసాఫ్ట్ కూడా గడియ బిగించింది: పక్క విండోస్ పీసీలో షేర్డ్ ప్రింటర్ డ్రైవర్ ఎక్కించాలన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి.

అందుకని తమ వారసుడి కోసం సంబంధాలు చూస్తున్నాం. స్పెక్ షీటు అనే జాతకంలో ముందు చూసేది ఈథర్‌నెట్ పోర్టు, అంటే నెట్‌వర్క్ తీగ గుచ్చే చోటు. తర్వాత యాపిల్ వారి ప్రింటింగ్ పద్ధతి ఎయిర్‌ప్రింట్. అది ఉంటే మ్యాక్‌కి డ్రైవర్ అక్కర్లేదు, ఉబుంటులో ప్రింట్ పని చూసే కప్స్ కూడా ఎయిర్‌ప్రింట్ నడిచే అదే ఐపీపీ అనే నెట్‌వర్క్ దారిలో డ్రైవర్ లేకుండా మాట్లాడుకుంటుంది. విండోస్‌కి పీసీఎల్ 6 చాలు. డిజైన్ వాళ్ల కోసం పోస్ట్‌స్క్రిప్ట్ 3 గానీ నేరుగా పీడీఎఫ్ అర్థం చేసుకునే శక్తి గానీ ఉండాలి. కొన్ని కంపెనీలు పోస్ట్‌స్క్రిప్ట్‌కి సొంత నకలు పెడతాయి, బీఆర్-స్క్రిప్ట్, కేపీడీఎల్ అలాంటివే. వాటితో రోజువారీ పని నడుస్తుంది. షాపుకు వెళ్లేటప్పుడు మూడు రకాల ల్యాప్‌టాప్‌లూ, వత్తులూ బొమ్మలూ దండిగా ఉన్న 20 పేజీల తెలుగు పీడీఎఫ్ పట్టుకెళ్లి, రెండువైపులా వేయించి చూడాలి. ఎక్కడైనా వత్తులు ఎగిరిపోతే అడోబీ రీడర్ ప్రింట్ పెట్టెలో ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ పెట్టొచ్చు. పని నిదానిస్తుంది, అక్షరం మాత్రం దక్కుతుంది. “డ్రైవర్ సీడీ ఇస్తామండీ” అన్న షాపతనికి నమస్కారం పెట్టి వచ్చేయాలి.

తెచ్చాక రౌటర్‌లో ఆయనకు 192.168.1.50 లాంటి ఒక చిరునామా రిజర్వ్ చేయాలి. లేదంటే కరెంటు పోయి వచ్చినప్పుడు ఇల్లు మారిపోవచ్చు. విండోస్ తనంతట తాను డబ్ల్యూఎస్‌డీ అనే, ప్రింటర్‌ని తానే వెతుక్కునే రకం పోర్టు తగిలించి, ఒక్కోసారి నిక్షేపంలా ఉన్న ప్రింటర్‌ని ‘ఆఫ్‌లైన్’ అంటుంది. దాన్ని తీసేసి, ఆ చిరునామాకే నేరుగా వెళ్లే స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టు పెట్టాలి. అప్పుడూ అదే పాట పాడితే పోర్టు సెట్టింగుల్లో ప్రింటర్ స్థితిని వాకబు చేసే ఎస్ఎన్ఎంపీ టిక్కు తీసేయాలి. మ్యాక్‌కి ప్రింటర్ కనిపించకపోతే ఆ మ్యాక్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. మ్యాక్ ప్రింటర్‌ని వెతుక్కునే బోంజూర్ పిలుపు ఆ గోడ దాటదు.

ఇక తమ ఇంటి ఆచారం ఒకటి, వారసుడికీ రావచ్చు. ఏదో అమెరికా వెబ్‌సైట్ నుంచి దింపిన పీడీఎఫ్ లెటర్ సైజులో ఉంటుంది: 216 × 279 మి.మీ. ట్రేలో ఉన్నది ఏ4: 210 × 297. వెడల్పులో తేడా 6 మిల్లీమీటర్లు. ఆ మాత్రానికే తమరు నారింజ లైటు మిటకరిస్తూ, బెజవాడ బజారంతా వెతికినా దొరకని కాగితం కోసం తపస్సుకు కూర్చుంటారు. వెనక క్యూలో జీఎస్టీ ఇన్‌వాయిసులు, జీతాల షీట్లు నిలబడిపోతాయి. అవతల పంపినవాడికి ఆ సంగతే తెలియదు, రాలేదని ఇంకో నాలుగుసార్లు ప్రింట్ కొడతాడు. వారసుడు వచ్చాక బ్రౌజర్‌లో ఆయన ఐపీ చిరునామా కొట్టి, ఆయన సొంత పేజీలో ట్రేని ఏ4గా ఖాయం చేసి, లెటర్ బదులు ఏ4 వాడే ‘ఓవర్‌రైడ్’ ఉంటే ఆన్ చేయడమే మందు. మ్యాక్, ఉబుంటుల్లో కూడా డీఫాల్ట్ కాగితం ఏ4 చేయాలి.

ఖర్చు మాట. పెట్టెలో చాలాసార్లు ‘స్టార్టర్’ టోనరే ఉంటుంది, నిండుది కాదు. ఇన్ని పేజీలు వస్తాయన్న లెక్క కూడా పేజీలో 5 శాతమే నలుపు ఉందనుకుని వేసింది. నల్లటి హెడ్డింగులు, గళ్ల పట్టికలు వేసేవాళ్లకి అందులో సగం రావడమే గొప్ప. టోనర్‌ని కాగితానికి ఎక్కించే డ్రమ్ విడిగా ఉన్న మోడలైతే దాని ధర కూడా ముందే అడగాలి.

ఇట్లు,
తమ క్యూలో నిలబడ్డవాళ్లు

తా.క.: తమరిని యూపీఎస్ నుంచి తీసి గోడ ప్లగ్గుకి మార్చాం. 600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లు. టోనర్‌ని కాగితానికి కరిగించి అతికించే తమ ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు అంతకు మించి లాగుతుంది. తమరు ఒక్క పేజీ వేసినప్పుడల్లా ఆ యూపీఎస్ కుయ్యోమంటూ అకౌంట్స్ పీసీని ఆర్పేసేది, ట్యాలీ తెరిచి ఉండగానే.